మాటను అర్సుకోవడం

మా తమ్ముని బిడ్డ తొమ్మిదో తరగతి చదువుతుంది. ఒకనాటి సాయంత్రం తెలుగు పరీక్ష కాగితం తెచ్చి నా ముందర పడేసింది. ‘అరయు’ అనే మాటకు సొంతవాక్యం రాయమంటే ‘నేను నిన్న రాత్రి టీవీని అరసితిని’ అని రాసింది. ఎర్రసిరాతో సున్నా. ఎందుకు సున్నానో పక్కన ఒక్క ముక్క లేదు.

“అరయు అంటే చూచు, తెలిసికొను అనే గద పెద్దనాయినా పుస్తకంల ఉన్నది. మరి నాదెట్ల తప్పు?”

పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. అర్థం తప్పలేదు, వ్యాకరణం తప్పలేదు. అయినా ఆ వాక్యం వింటే నవ్వొస్తుంది. ఎందుకొస్తుందో చెప్పబోతే నాకూ వెంటనే మాట దొరకలేదు. అంతలో వెనక అర్రలో మా అమ్మ ఫోన్ పట్టుకుని ఎవరి మీదనో నిష్ఠూరమాడుతోంది: “ఆర్నెల్లాయె. ఉన్నదా పోయిందా అని ఒక్కడన్న అర్సుకున్నడా?”

“నాయినమ్మ ఏమంటున్నదో విన్నవా?” అన్నాను.

“ఎవ్వరు అర్సుకుంటలేరంటున్నది.”

“అర్సుకునుడంటే ఏంది?”

“అంటే... వచ్చి చూసుడు. ఎట్లున్నవని అడుగుడు. మంచిచెడ్డ పట్టించుకునుడు.”

“మరి టీవీని పోయి మంచిచెడ్డ అడిగినవా నువ్వు?”

కాగితం దిక్కు ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

‘అరసి’కి ‘కొను’ చేరితే అరసికొను. జనం నోట్లో నలిగి నలిగి అర్సుకొను అయింది. ‘అరయు’ అంటే ఏదో పాత కావ్యంలోంచి దిగివచ్చిన మాట అని ఆ పిల్ల అనుకుంది. తీరా చూస్తే అది వాళ్ల నాయినమ్మ దినాం ఫోన్‌లో వాడే మాట. అరయడమంటే కంటితో చూడటం ఒక్కటే కాదు. వెతకడం, విచారించడం, మనసుపెట్టి పరిశీలించడం. పాఠం వెనకున్న అర్థాల పట్టికలో ‘చూచు’ మిగిలింది, ‘మనసుపెట్టి’ రాలిపోయింది. రాలిపోయిన ముక్క మాత్రం ముసలమ్మ నిష్ఠూరంలో భద్రంగా ఉంది.

సాహిత్య పదాలు నేర్చుకోవాలనుకునేవాళ్లు నాకు ఎక్కువగా రెండు రకాలు ఎదురవుతారు. డీఎస్సీకో గ్రూప్స్‌కో తయారవుతూ పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు బట్టీ పడుతున్నవాళ్లు ఒక రకం. మేడ్చల్, శామీర్‌పేట దిక్కు కొత్త అపార్ట్‌మెంట్లలో ఉంటూ, జీనోమ్ వ్యాలీలోనో ఇంకెక్కడో ఉద్యోగం చేస్తూ, ఇంగ్లిష్ మీడియం చదువు వల్ల తెలుగు పద్యం తమకు అందలేదే అని కుమిలేవాళ్లు రెండో రకం. 2018లో తెలంగాణ ప్రభుత్వం బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక ఈ రెండో రకం వాళ్లకు ఇబ్బంది మరికొంత పెరిగింది. పిల్లలు తెలుగు వాచకం తెచ్చి ‘దీనర్థమేంది నాన్నా’ అంటున్నారు, నాన్న ఫోన్‌లో వెతుకుతున్నాడు.

ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే. మాటకు మాట అప్పజెప్తే పని అయిపోయిందనుకుంటారు.

నీళ్లనే తీసుకోండి. నీరు, జలం, ఉదకం, తోయం, సలిలం, పయస్సు, తీర్థం, ఇవన్నీ పర్యాయపదాలని గైడ్‌లో వరుసగా ఉంటాయి. వాన బాగా పడిన ఏడు పేపర్లో ‘శామీర్‌పేట చెరువుకు జలకళ’ అని వేస్తారు. ‘ఉదకకళ’ అని ఎవరూ వేయరు. గుళ్లో పూజారి చేతిలో పోసేది తీర్థం. హోటల్లో బల్ల ముందు కూర్చుని ‘ఒక గ్లాసు తీర్థం’ అన్నారంటే సర్వర్ మీ వైపు వేరేగా చూస్తాడు. పయస్సు అంటే నీళ్లే కాదు, పాలు కూడా. పర్యాయపదాలన్నీ ఒకే ఊరివాళ్లయినంత మాత్రాన ఒకరి ఇంటికి ఇంకొకరు అల్లుడు కాలేరు గదా.

ఇంకొకటి. మేడ్చల్ హైవే పొడుగునా ఫంక్షన్ హాళ్లే. వాటిల్లో పంచే పెండ్లి కార్డులు చూశారా? తెలుగు చదవడం మానేసిన ఇంటికి కూడా ఏడాదికి పది ఇరవై సార్లు గ్రాంథికం ఆ కార్డు రూపంలోనే వస్తుంది. ‘బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి’ అని అందులో ఉంటుంది. విచ్చేయు అంటే వచ్చు. ఒకసారి ఒక రిసెప్షన్‌లో మైకు అందుకున్న పెద్దమనిషి, “ఈ శుభకార్యానికి నేను రాత్రనకా పగలనకా ప్రయాణం చేసి విచ్చేశాను” అన్నాడు. సభలో సగం మందికి ఏదో గుచ్చుకుంది, ఏం గుచ్చుకుందో తెలియలేదు. విచ్చేయడం ఎదుటివాళ్ల పని. మనం వస్తాం, వాళ్లు విచ్చేస్తారు. నిఘంటువులో ‘వచ్చు’ అని ఉంటుంది, నిజమే. కానీ ఎవరు ఎవరి గురించి అనవచ్చో ఆ ఒక్క ముక్కలో ఇమడదు.

చావు మాటల్లో ఈ తేడా ఇంకా కఠినం. వైష్ణవుడు పరమపదిస్తాడు, శివభక్తుడు శివైక్యం చెందుతాడు, ఊళ్లో పెద్దమనిషి కాలం చేస్తాడు. ఫ్లెక్సీ మీద ‘అశ్రునివాళి’ అని రాస్తారు, ఇంట్లో మాత్రం ‘పానం పోయింది’ అని ఏడుస్తారు. ఈ మాటలు తారుమారైతే మార్కులు పోవడం కాదు, చుట్టరికాలు పోతాయి.

ప్రకృతి వికృతుల సంగతీ అంతే. యాత్రకు వికృతి జాతర, భోజనానికి వికృతి బోనం, భాషకు వికృతి బాస. పరీక్షలో జత కలిపితే మార్కు వస్తుంది. బయట మాత్రం ఆ జత ఎప్పుడో విడిపోయి ఎవరి కాపురం వాళ్లు చేసుకుంటున్నారు. కాశీకి యాత్ర పోతాం, శివరాత్రికి కీసరగుట్ట జాతర పోతాం. కాశీ జాతర అని ఎవరూ అనరు. బోనం నెత్తినెత్తుకునేది అమ్మవారికి, హోటల్లో ‘రెండు ప్లేట్ల బోనం’ దొరకదు. బాస అన్నది భాష కాదు, ఇచ్చిన మాట. వికృతి అనే పేరు చూసి అదేదో చెడిపోయిన రూపం అనుకోకండి. సంస్కృతం ఇచ్చిన విత్తనం మన మన్నులో వేరే చెట్టయింది.

ముందు చెవి, తర్వాత పుస్తకం

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఈ విద్యలో సగం పని ముందే అయిపోయి ఉంది. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. పైగా సిగ్గుపడటం నేర్పారు.

‘ఎన్నడొచ్చినవ్?’ అంటే మోటు, ‘ఎప్పుడొచ్చారు?’ అంటే నాగరికం. ‘ఏడున్నవ్?’ మోటు, ‘ఎక్కడున్నారు?’ నాగరికం. ‘నాకెరుకలేదు’ మోటు, ‘నాకు తెలియదు’ నాగరికం. నా చిన్నప్పుడు బడిలో ఒక సారు ‘ఎరుక’ అన్నందుకు నన్ను నిలబెట్టాడు. అదే సారు మరో రెండేండ్లకు వేదాంత పద్యం చెప్తూ ‘ఎఱుక అనగా జ్ఞానము’ అని బోర్డు మీద రాశాడు. నేను నోరు మూసుకుని రాసుకున్నాను. ఆ రెండూ ఒకే మాట అని నాకు ఇంకో ఇరవై ఏండ్లకు గాని తట్టలేదు.

ఎన్నడు, ఏడ, ఎఱుక, నడుమ, మాపు, మొగులు, ఇవి పాత కావ్యాల్లో తలెత్తుకు తిరిగిన మాటలు. ‘మొగులైంది, బట్టలు తీయుండ్రి’ అని వాకిట్లోంచి కేకేసే అవ్వ నోట్లో మబ్బుకు ఉన్న పేరు నిఘంటువులో మొగులు, మొగిలు, మొయిలు అని మూడు రూపాల్లో కనిపిస్తుంది. ‘పిచ్చోనోలె చూస్తవేందిర?’ అన్నప్పటి ‘ఓలె’ పద్యంలో ‘వోలె’. తొవ్వ అంటే త్రోవ. పొద్దు అంటే ప్రొద్దు. ఊకుండు అంటే ఊరకుండు. డాక్టర్ రవ్వా శ్రీహరి ‘తెలంగాణ మాండలికాలు – కావ్య ప్రయోగాలు’ అని ఒక పుస్తకమే రాశారు. పల్లెటూరి మాటలని పక్కకు నెట్టినవాటిని తీసుకుని, ఇదిగో ఈ కావ్యంలో ఈ చోట ఉంది చూడండని చూపించారు. ఈ అధ్యాయం చదివి ఒక్క పుస్తకమే కొనాలనుకుంటే అది కొనండి. రెండోది కొనగలిగితే నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం.

మన మాటలకు ఇట్లా ఎందుకైందో నాకొక అభిప్రాయం ఉంది. గిడుగు రామమూర్తి (1863–1940) గ్రాంథికం మీద యుద్ధం చేసి వాడుకభాషను పుస్తకాల్లోకి తెచ్చారు. అది చాలా పెద్ద మేలు. ఆయన లేకపోతే నేనీ అధ్యాయాన్ని ‘చేయుదురు గాక’ అని ముగించాల్సి వచ్చేది. అయితే అచ్చులోకి వచ్చిన ఆ వాడుకభాష ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్న ఇండ్లది. దాంతో మన దిక్కు మాటలు రెంటికీ చెడ్డ రేవడి అయినయి. పాతబడ్డాయి కనుక కొత్త పుస్తకంలో లేవు, పామరుల నోట్లో ఉన్నాయి కనుక పాత పుస్తకంలో ఉన్నాయని ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది మనకొక్కరికే జరిగింది కూడా కాదు. హాంకాంగ్‌లో ఇంట్లో కాంటనీస్ మాట్లాడతారు, బడిలో రాసేది మాత్రం మాండరిన్ పద్ధతి మీద నిలబడ్డ చైనీస్. ‘తిను’ అనడానికి మాండరిన్‌లో ‘చి’ అంటారు, కాంటనీస్ మనిషి ‘సిక్’ అంటాడు. ‘తాగు’కు మాండరిన్‌లో ‘హ’, కాంటనీస్‌లో ‘యామ్’. సిక్, యామ్ అని పలికే ఆ అక్షరాలే వేల ఏండ్ల నాటి ప్రాచీన చైనా గ్రంథాల్లో తినడానికీ తాగడానికీ వాడినవి. ఇంకో మాట మరీ తమాషా. ఒకే అక్షరాన్ని మాండరిన్‌లో ‘జౌ’ అని పలికి ‘నడుచు’ అని అర్థం చెప్తారు. ప్రాచీన గ్రంథాల్లో దానర్థం ‘పరుగెత్తు’. కాంటనీస్‌లో ఇప్పటికీ పరుగు, పారిపోవడం, వెళ్లిపోవడం. బజారు భాష అని చిన్నచూపు చూసిన నోట్లోనే ప్రాచీనం ఎక్కువ మిగిలింది. ప్రాచీన కవిత్వం చదవబోయే హాంకాంగ్ పిల్లకు వాళ్ల నాయినమ్మ మాట ఒక్కోసారి టీచర్ కన్నా ముందు దారి చూపుతుంది.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యమే ఉంది. శామీర్‌పేట నుంచి ఎంతో దూరం లేని కీసరగుట్ట మీద ఒక బండరాతికి ‘తొలుచువాండ్రు’ అని చెక్కి ఉంది. క్రీ.శ. 5వ శతాబ్దం నాటిదని చరిత్రకారులు లెక్కగట్టారు. విష్ణుకుండినుల కాలం. రాళ్లు తొలిచేవాళ్లు, అంటే శిల్పులు, తమ ఉనికిని అక్కడ చెక్కి పోయారన్నమాట. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో అదొకటి. ఆ మాట చివరన ఉన్న ‘వాండ్రు’ను ఒకసారి పైకి అనండి. కావ్యాల్లో వాండ్రు, ఆ తర్వాత వాండ్లు, పుస్తకాల వాడుకభాషలో వాళ్లు. మన దిక్కు పెద్దోళ్ల నోట ‘వాండ్లు’ ఇంకా పోలేదు. పెండ్లి, కండ్లు, ఇండ్లు, ముండ్లు, పండ్లు, వీటన్నిట్లో కూడా ఆ ‘ండ్ల’ నిలిచింది. కోస్తాలో అది ‘ళ్ళ’ అయింది. మేడ్చల్ రోడ్డు మీద బస్సు బోర్డులు చూడండి: కండ్లకోయ, గుండ్లపోచంపల్లి. గుళ్లపోచంపల్లి కాలేదు.

నిఘంటువు తెరిచే పద్ధతి

ఈ ‘ండ్ల’ సంగతి సరదాకు చెప్పలేదు. పాత నిఘంటువులో మాట వెతకడానికి ఇది తాళంచెవి. ‘పెళ్లి’ దగ్గర వెతికి అరకొరగా దొరికిందని వదిలేస్తారు, అసలు సంసారమంతా ‘పెండ్లి’ దగ్గర ఉంటుంది. అట్లాగే మన నోట్లో రాలిపోయిన ‘ర’ను మళ్లీ తగిలించి చూడాలి. కింద దొరక్కపోతే క్రింద, పాత దొరక్కపోతే ప్రాత, కొత్తకు క్రొత్త, తొవ్వకు త్రోవ. మొదట్లో ఒ, ఓ, యా ఉంటే వకారం పెట్టి చూడాలి. ఒచ్చుడు వచ్చులో ఉంటుంది, ఓలె వోలెలో ఉంటుంది, యాప వేపలో ఉంటుంది. ఇంకా దొరక్కపోతే బండి ఱ. వేరు అంటే చెట్టు వేరు, వేఱు అంటే భిన్నం. అరసున్నకూ అంతే విలువ ఉంది. ఏడు అంటే ఏడు వస్తువులు, ఏఁడు అంటే సంవత్సరం. కాచు అంటే రక్షించు, కాఁచు అంటే వేడిచేయు. ఈ రెండు గుర్తుల్నీ మనం అచ్చులోంచి తీసేశాం. తీసేసినందుకు నాకు బాధేమీ లేదు. కానీ పాత పుస్తకంలో అవి కనిపిస్తే కీటకం పడిందనుకుని పేజీ దులపకండి, అవి అర్థం చెప్తున్నాయి.

పద్యంలో మాట వేషం వేసుకుని వస్తుంది, ఇది మరో చిక్కు. ‘వాడు సనియె’ అని ఉంటే ‘సను’ కోసం స దగ్గర తిరుగుతారు. అసలు మాట చను, అంటే వెళ్లు. ‘రాముడు వోయె’ అంటే పోయె. ప్రథమావిభక్తి మాట వెనక క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారుతాయని బడిలో గసడదవాదేశం పేరుతో చెప్పారు గుర్తుందా? దాన్ని పరీక్ష కోసం చెప్పారు గాని, నిజానికి అది నిఘంటువు వెతకడానికి చేతికిచ్చిన దీపం. అట్లాగే అచ్చుతో మొదలయ్యే మాట ముందు న, య వచ్చి కూర్చుంటాయి. ‘నరయ’ అని కనిపిస్తే న తీసేయండి, మన ‘అరయ’ బయటపడుతుంది. ఈ రెండు సూత్రాలు చేతిలో ఉంటే పద్యంలో తెలియని మాటలు సగానికి సగం తగ్గుతాయని నా అనుభవం.

ఏ నిఘంటువు? సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేసిన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు ఇంగ్లిష్ మీడియం వాళ్లకు మంచి గడప. దొర పల్లెమాటల్ని కూడా దాచకుండా ఎక్కించాడు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. పద్యం చదివేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది. పిఠాపురం రాజా పోషణలో 1936 నుంచి సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నిటికన్నా పెద్దది. దాన్ని తెరిస్తే ఏ కవి ఎక్కడ వాడాడో కూడా దొరుకుతుంది. అర్థం కన్నా ముందు ఆ ప్రయోగం చదవండి. ఇవన్నీ ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకే చోట వెతుక్కోవచ్చు, డబ్బులు కూడా అడగదు. వ్యవసాయం, నీటిపారుదల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. నాగలి ఒక్కదానికే ఎన్ని జిల్లాల్లో ఎన్ని భాగాల పేర్లున్నాయో చూస్తే, మన భాషకు మాటలు కరువనేవాళ్ల మీద జాలి కలుగుతుంది.

నిఘంటువు తేల్చలేని చోటు ఒకటుంది. అలుగు అన్న మాట తీసుకోండి. శామీర్‌పేట చెరువు నిండి అలుగు పారింది. అల్లుడు పండుగకు బట్టలు బాగలేవని అలిగిండు. పద్యంలో అలుగు కనిపిస్తే బాణపు ములికో కత్తి వాదరో కావచ్చు. ఇక అడవిలో, ఒంటినిండా పొలుసులుండి ముట్టుకుంటే ఉండచుట్టుకునే జంతువు పేరూ అలుగే. నాలుగూ నిఘంటువులో ఒక దగ్గరే ఉంటాయి, ఏది తీసుకోవాలో చెప్పేది మాత్రం పక్కమాట. పారింది అంటే నీళ్లు, తగిలింది అంటే ఆయుధం, తీరలేదు అంటే కోపం. కాబట్టి మాటను ఒంటరిగా రాసుకోవడం దండగ. దాని పక్కింటివాళ్లతో సహా రాసుకోవాలి. తూము కూడా ఇట్లాంటిదే. చెరువుకు తూముంది, వడ్లు కొలిచే తూమూ ఉంది. ముచ్చట అయితే మరీ దొంగమాట. మన దిక్కు అది కబురు, కోస్తా దిక్కు అది మురిపెం.

సాహిత్యం కాని చోట కూడా ఇదే చిక్కు వస్తుందని చెప్పి ముందుకు పోతాను. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివి వచ్చిన కుర్ర లాయరైనా సరే, భూమి కాగితంలో ‘శిఖం’ అని కనిపిస్తే కొండకొమ్మో పిలకో అనుకుంటే మునిగిపోతాడు. శిఖం అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల. ప్లాటు కొనబోయేవాళ్లూ ఈ ఒక్క మాట నేర్చుకుంటే నేనీ పుస్తకం రాసిన ఖర్చు గిట్టినట్టే.

వారానికి అయిదు

రోజుకు ఇరవై మాటలు నేర్చుకుంటానని శపథం చేసినవాళ్లను చాలామందిని చూశాను. నెల తిరిగేసరికి ఆరువందల మాటలు రావాలి, వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. వారానికి అయిదు చాలు. అయిదింటిలో రెండు పుస్తకంలోంచి, మూడు మనుషుల నోట్లోంచి. తలకిందులైతే కుదరదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి, ఫోన్‌లో వద్దు. మాట రాయండి. అర్థానికి ముందు, ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏ మాటల మధ్య అన్నారు అన్నది రాయండి. ఆ వాక్యం ఉన్నదున్నట్టు, గ్రామ్యం దిద్దకుండా రాయండి. దిద్దారంటే సాక్ష్యం చెరిపినట్టే. కిందింత ఖాళీ వదలండి. సాయంత్రం నిఘంటువు తీసి అక్కడున్న రూపం, ప్రయోగం ఆ ఖాళీలో రాసుకోండి. ఆ తర్వాతే మీ సొంతవాక్యం. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లకు వ్యాకరణం తెలియనక్కర లేదు. నవ్వితే వాక్యం తప్పు, నవ్వకుండా జవాబిస్తే ఒప్పు. నేను ఇంతకన్నా మంచి పరీక్ష ఎక్కడా చూడలేదు. ఇంట్లో పెద్దవాళ్లు లేని అపార్ట్‌మెంట్ సంసారమైతే మేడ్చల్ కూరగాయల అంగట్లో పది నిమిషాలు ఎక్కువ నిలబడండి. బేరం కూడా కుదురుతుంది.

కొత్తగా నేర్చుకున్న మాటను వెంటనే అందరి మీదా చల్లే జబ్బు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. కంప్యూటర్‌లో తెలుగు రాయడం మొదలైన రోజుల్లో కొందరు ఉత్సాహవంతులు ‘థాంక్స్’కు బదులు నెనరులు అనడం మొదలుపెట్టారు. నెనరు అంటే ప్రేమ, ఆప్యాయత. అందమైన మాట. నేనూ ఒకసారి ఆటో దిగి డబ్బులిచ్చి నెనరులన్నాను. “చిల్లర లేదు సార్” అన్నాడు. ఆ మాట తప్పని కాదు, దాని సమయం అది కాదు. కొత్త మాటను కొన్నాళ్లు వినే దగ్గరే ఉంచండి, చదివే దగ్గర ఉంచండి, రాసే దగ్గర ఉంచండి. మాట్లాడే దగ్గరికి అది తనంతట తాను వచ్చినప్పుడే రానీయండి.

మా తమ్ముని బిడ్డ ఆ సున్నా వచ్చిన వారమే నోటుపుస్తకం మొదలుపెట్టింది. మొదటి పేజీలో అర్సుకొను. రెండో పేజీలో మొగులు. మూడో పేజీలో ‘కొస’ దగ్గర నాయినమ్మతో ఇరవై నిమిషాల వాదం. కొత్త పరీక్షలో అరయుకు వాక్యం మళ్లీ అడిగారు. ఈసారి ‘రాజు మారువేషమున నగరమున తిరిగి ప్రజల కష్టసుఖములను అరసెను’ అని రాసి వచ్చింది.

మొన్న పొద్దుగూకే యాల్లకు మా అమ్మ ఆ పుస్తకం చేతికి తీసుకుని తిరగేసింది. చదువు రాదు గాని తన పేరు మాత్రం గుర్తుపడుతుంది. పేజీ తిప్పితే తన పేరు, మళ్లీ తిప్పితే మళ్లీ తన పేరు. ‘ఎవరన్నారు’ అన్న చోటల్లా ఆమె పేరే.

“ఏందే ఇది? గిన్నిసార్లు నా పేరెందుకు రాసినవ్?”

“నువ్వన్న మాటలే నాయినమ్మా. ఎవరన్నరో రాసుకోవాలె.”

మా అమ్మ పుస్తకం గభాలున మూసి పక్కకు పెట్టింది. “పోయిన్నాడు ఆ పక్కింటామెను తిట్టింది గూడ రాసినవా?”